వెనుక వరుసనుండి చూచిన బండి

ఇల్లు పెరుగుట శుభము. కోడలి యొడి నిండుట, పల్లెనున్న పెద్దలు పిల్లల చెంతకు చేరుట, చదువుకొను మరదికి మన పంచను చోటు కలుగుట, ఇవన్నియు గృహిణికి సంతోషము గలిగించునవియే. కాని యిల్లు పెరిగినంత వేగముగా బండి పెరుగదు. నలుగురికి చాలిన చిన్నకారులో ఆరుగురెక్కవలసి వచ్చిననాడు, ఒకరి మోకాలిపై నొకరి సంచి, ఒకరి యొడిలో నొకరి బిడ్డ కుదురుకొని, ఊరు చేరుసరికి అందరికిని నడుములు పట్టివేయును. అప్పుడు పెద్ద బండి మాట పుట్టును.

పుట్టిన వెంటనే ఆ మాట పురుషుల చేతికి పోవుట లోకాచారము. ఇంజను శక్తి యెంత, చక్రముల వెడల్పెంత, ఎదురింటివారి బండికన్న మనది యెత్తా, పొట్టియా యని చర్చలు సాగును. మనల నడుగునది రంగు మాత్రమే. తెలుపు బాగుండునా, బూడిదరంగు బాగుండునా యని యడిగి, మనము చెప్పిన రంగు లేదని మరియొకటి తెత్తురు.

నెల్లూరు మండలమునుండి ఒక సోదరి మాకు జాబు వ్రాసిరి. ఆమెకు ఇద్దరు బిడ్డలు, మూడవ కానుపు దగ్గర పడుచున్నది. అత్తమామలు కూడ ఇంటనే యున్నారు. భర్తగారు ఎత్తైన ఎస్.యు.వి. కావలెనని, మామగారు ఇన్నోవా వంటి కుటుంబపు బండి కావలెనని పట్టుబట్టిరట. వ్యాను వంటి బండిలో పోయిన టాక్సీ యనుకొందురని ఒకరి మాట. ఆ మిద్దె యెక్కుటకు నిచ్చెన వేయుదువా యని రెండవవారి మాట. నడుమ నేనేమి చెప్పవలెనని ఆమె ప్రశ్న. ఇది ఒక యింటి ప్రశ్న కాదు గావున ఈ నెల శీర్షికను దీనికే కేటాయించితిమి.

మొదట ఈ రెండు జాతుల వంశచరిత్రము కొంచెము తెలిసికొనుట మంచిది. ఎత్తు బండ్లకు మూలపురుషుడు జీపు. అది రెండవ ప్రపంచయుద్ధకాలమున, 1941లో, సేనలకొరకు పుట్టినది. మన దేశమున మహీంద్రావారు 1947 మొదలు విల్లీసు జీపులను కూర్చసాగిరి. 1998లో వచ్చిన టాటా సఫారి, 2000లో వచ్చిన బొలెరో, 2002లో వచ్చిన స్కార్పియో ఆ త్రోవలోనివే. బురదలోను గుట్టలమీదను పోవుటకు పుట్టిన జాతి యగుటచే దీనికి ఎత్తైన నేలయు పెద్ద చక్రములును సహజాభరణములు.

రెండవ జాతి మనుష్యులను కూర్చుండబెట్టుటకే పుట్టినది. ఇటలీలో ఫియటువారు 1956లోనే చిన్నకారు మీద మూడు వరుసల సీట్లు పేర్చి మల్టీప్లా యను బండిని చేసిరి. 1983 చివర అమెరికాలో క్రైస్లరువారు, 1984లో ఫ్రాన్సులో రెనోవారు ఈ పద్ధతిని పెంపు చేసిరి. నేల తక్కువ, లోపల చోటెక్కువ, ఇంటి షెడ్డులో పట్టునంత కొలత, అమెరికా బండికి ప్రక్కకు జరుగు తలుపు: ఇవి దాని గుణములు. మన యిండ్లలో మారుతి వ్యానని పిలిచిన ఓమ్నియు ఆ తలుపు గలదియే. 1984లో వచ్చి 2019లో నిలిచిపోయినది. పిమ్మట 2000లో క్వాలిస్, 2005లో ఇన్నోవా, 2012లో ఎర్టిగా వచ్చి తెలుగుదేశపు పెండ్లిండ్లకును తీర్థయాత్రలకును అలవాటు బండ్లైనవి.

అమెరికాలో దీనికి జరిగినది మన మెరుగదగిన ముచ్చట. బిడ్డల తల్లులు ఈ మినీవ్యానును మిక్కిలి మెచ్చిరి. మెచ్చినందువలననే దానికి 'తల్లుల బండి' యను పేరు వచ్చినది. ఆ పేరు రాగానే అది నామోషియైపోయి, కుటుంబములు ఎత్తు బండ్లవైపు మరలినవి. అమెరికాలో మినీవ్యాను అమ్మకములు 2000 ప్రాంతమున శిఖరము ముట్టి అటుపిమ్మట దిగజారినవి. తల్లికి పనికివచ్చుటయే వస్తువునకు దోషమైన విచిత్రము చూడుడు! మన దేశమున ఇన్నోవాకు గౌరవము దక్కినను, టాక్సీ యనుకొందురను నెల్లూరు మాటలో ఆ వాసనయే యున్నది.

కొనువారు పేరు చూచి భ్రమపడరాదని కూడ చెప్పవలెను. నేడు ఎస్.యు.వి. యని యమ్మునవన్నియు జీపు సంతతివి కావు. 2021లో వచ్చిన ఎక్స్.యు.వి.700 సామాన్యపు కారువలెనే నేలయు దేహమును ఒకటిగా పోతపోసినట్లున్నది. 2022లో వచ్చిన స్కార్పియో-ఎన్ లారీవలె విడి చట్రముపై నిలిచినది. కుటుంబపు బండ్లలోను ఇదే భేదము కలదు: ఇన్నోవా క్రిస్టా విడి చట్రముది, దాని పిమ్మట వచ్చిన హైక్రాస్ ఏకదేహముది. కావున ఏ జాతి యని యడుగుటకన్న, ఈ బండి మా యింటివారిని ఎట్లు మోయునని యడుగుట మేలు.

అట్లడుగుటకు మా యుద్దేశములో ఒక్కటే త్రోవ కలదు. బండిని ముందునుండి చూడరాదు, నడుపువాని సీటునుండి చూడరాదు. వెనుక వరుసనుండి చూడవలెను. ఏడు సీట్ల బండిలో మొదటి వరుస బాగుండుట విశేషము కాదు. బేరము చేయువారు అక్కడనే కూర్చుందురు గదా. రెండవ వరుస పెద్దలది. మూడవ వరుస ఎవరిది? ప్రతి యింటను దానికి ఒక హక్కుదారు కలరు. అడుగక, అలుగక, సర్దుకొనువారెవరో వారిదే ఆ చోటు. అది యొక యింట పెద్దకూతురు, ఒక యింట చిన్నకోడలు, ఒక యింట వితంతువైన పెద్దమ్మ. పుష్పకవిమానమున ఎందరెక్కినను మరియొకరికి చోటుండెడిదని పెద్దలు చెప్పుదురు. మన బండ్లలోనైతే ఆ మరియొకరికి చోటు వారి మోకాళ్ళు ముడుచుకొనుటవలననే కలుగుచున్నది.

మా యింట ఏడుగురము. మావారు, మేము, అత్తమామలు, పదునొకండేండ్ల కూతురు, ఎనిమిదేండ్లవాడొకడు, మూడేండ్లవాడొకడు. ఉపాధ్యాయుని జీతముపై బండి కొనుట మాటలు కాదు గావున నెల దినములు ఆదివారములందు నాలుగు షోరూములు తిరిగితిమి. ఒకచోట అమ్మకపు చిన్నవాడు మూడవ వరుసను చూపుచు, “ఇది పిల్లలకే గదండీ” యనెను. మా అమ్మాయి ఎక్కి, మోకాళ్ళు గడ్డమునకు చేర్చుకొని కూర్చుండినది. ఎట్లున్నదని మే మడుగగా, “సర్దుకొందునమ్మా” యనినది. చూపులకు ఆ బండి మిక్కిలి రాజసముగా నుండెను. మావారి మనస్సు దానిపైననే యుండెను. మేము వాదింపలేదు. టెస్టు డ్రైవునకు పోవునప్పుడు వెనుక వరుసలో మావారినే కూర్చుండుమని కోరితిమి. పాత బస్టాండు మీదుగా, స్పీడుబ్రేకరులు గల త్రోవలో, ఇరువది నిమిషములు తిరిగివచ్చితిమి. దిగిన పిమ్మట ఆయన ఆ బండి మాట యెత్తలేదు.

కాబట్టి సోదరీమణులారా, షోరూమునకు పోవునప్పుడు ఇంటిల్లిపాదియు పోవలెను. ముఖ్యముగా మోకాళ్ళనొప్పి గలవారు, కడుపుతో నున్నవారు, పసిబిడ్డలు పోవలెను. మూడవ వరుసలో నింటిలోని పొడవైన మనిషిని కూర్చుండబెట్టి ఈ క్రింది సంగతులు పరిశీలింపవలెను.

మొదటిది, అక్కడికి చేరుట. రెండవ వరుసను మడిచి దూరవలసిన బండిలో, ఆ మడత చేయుటకు మన బలము చాలునా? లోపలనున్న పిల్ల బయటివారి సాయము లేక తానే సీటు జరుపుకొని దిగగలదా? ఆపద వేళ ఇది ప్రాణముతో కూడిన ప్రశ్న. రెండవ వరుసలో విడివిడిగా రెండు సీట్లుండు ఆరుసీట్ల బండిలో నడుమ త్రోవ యుండును. ఒక మనిషి తగ్గినను వెనుకకు పోవుట సుఖము.

రెండవది, కూర్చుండు తీరు. వెనుక నేల ఎత్తుగా నుండి సీటు పల్లముగా నున్నచో తొడలు సీటునకానక గాలిలో నుండును; గంట ప్రయాణములో నడుము పోవును. మోకాలికిని ముందు సీటునకును నడుమ నాలుగు వ్రేళ్ళు పట్టవలెను. తల పైకప్పునకు తగులరాదు. తల వెనుక దిండు మనిషి యెత్తునకు లేవవలెను.

మూడవది, గాలి. మన యెండలలో ముందు కూర్చుండినవారు చలియని శాలువ కప్పుకొనుచుండగా, వెనుకనున్న బిడ్డకు చెమట పట్టి వాంతియగుట మనము చూచినదే. ఎ.సి. గాలి మూడవ వరుసకు వేరుగ వచ్చునా, అచటి కిటికీ చిన్నదై కన్ను బయటికి పోకున్నదా యని చూడవలెను. ప్రయాణపు వికారము గల బిడ్డకు బయటి త్రోవ కనబడుట ఔషధము.

నాలుగవది, సీటు ముఖము. బొలెరో వంటి కొన్ని బండ్లయందు వెనుకటి చిన్నసీట్లు ప్రక్కకు తిరిగి యెదురెదురుగా నుండును. ఊళ్ళో నాలుగడుగుల దూరమునకు సరే. పెద్ద రహదారిపై మాత్రము అవి బిడ్డల సీట్లు కావు. బెల్టు ముందు తాకిడికి మనిషిని పట్టునట్లు ప్రక్కకు తిరిగిన మనిషిని పట్టదు. పసివారి సీటును అచట బిగించుటకు వీలులేదు.

ఐదవది, మూట ముల్లె. ఏడుగురును కూర్చుండిన పిమ్మట డిక్కీలో మిగులు చోటు వినిన ఆశ్చర్యపడుదురు. ట్రైబరులో 84 లీటర్లు, ఎర్టిగాలో 209, కారెన్స్ లో 216. ఐదుగు రెక్కు చిన్న స్విఫ్టునకే 260 లీటర్లకు పైగా కలదు. అనగా ఇద్దరు మనుష్యులు పెరిగిరి, వారి పెట్టెలకు చోటు తరిగినది. గ్యాసు మీద నడచు ఎర్టిగాలోనైతే సిలిండరు డిక్కీలోనే కూర్చుండును. ఏడుగురి మడతబట్టలు, పసివాని పాలసీసాలు, అత్తగారి పూజపెట్టె, ఊరినుండి తెచ్చుకొను బియ్యపు మూట యెక్కడ నుంచవలెను? ఒడిలో నుంచిన, త్రోవలో బ్రేకు వేసినప్పుడు అవే మనలను కొట్టును. ఇంటి పెట్టెలను షోరూమునకు కొనిపోయి పెట్టి చూచుటకు సిగ్గుపడవలదు.

ఇక భద్రత. క్రాష్ టెస్టు నక్షత్రములను గూర్చి నేడు అందరును మాటలాడుచున్నారు, మంచిదే. గ్లోబల్ ఎన్‌క్యాపువారి పరీక్షలో 2021లో ఎక్స్.యు.వి.700, 2022లో స్కార్పియో-ఎన్ ఐదు నక్షత్రములు పొందినవి. ట్రైబరు 2021లో నాలుగు, కారెన్స్ 2022లో మూడు పొందినవి. ఎర్టిగా 2019లో మూడు పొందినది. 2024లో ఆఫ్రికా విపణికి పోవు రెండు ఎయిర్‌బ్యాగుల ఎర్టిగాకు ఒక నక్షత్రమే వచ్చినది. ఆ బండికి మన దేశమున 2025లో అన్ని రకములందును ఆరు ఎయిర్‌బ్యాగులు చేర్చిరి. మన ప్రభుత్వపు భారత్ ఎన్‌క్యాపు 2023 అక్టోబరు 1న ప్రారంభమైనది. దానియందు హైక్రాస్ 2025లో ఐదు నక్షత్రములు పొందినది. 2022 నడుమ పరీక్షా నియమములు కఠినమైనవి గావున అంతకు ముందరి నాలుగును ఆ తరువాతి నాలుగును ఒకటి కావు. ఏ యేట, ఏ నియమము క్రింద, ఎన్ని ఎయిర్‌బ్యాగులు గల బండికి వచ్చినవో యడిగి తెలిసికొనవలెను.

అంతకన్న ముఖ్యమైన సంగతి యొకటి కలదు. ఆ పరీక్షలలో పెద్దవారి బొమ్మలు ముందు వరుసలోను, చిన్నబిడ్డల బొమ్మలు రెండవ వరుసలోను కూర్చుండును. మూడవ వరుసలో ఎవరును కూర్చుండరు. ఐదు నక్షత్రముల బండియైనను, వెనుకనున్న మన పిల్లను గూర్చి ఆ నక్షత్రములు నేరుగా ఏమియు చెప్పవు. అందుచేత మూడవ వరుసయందు ప్రతి మనిషికిని భుజము మీదుగా వచ్చు మూడు కొసల బెల్టు కలదో లేదో మన కన్నులతోనే చూచుకొనవలెను. సీటు వెన్నునకును వెనుక తలుపునకును నడుమ జానెడైనను ఎడమున్నదా యని కొలుచుకొనవలెను.

బెల్టు ముందువారికే యను అపోహ మన యిండ్లలో నింకను పోలేదు. 2022లో మన దేశపు రహదారులపై 1,68,491 మంది మరణించిరి. బెల్టు లేకపోవుటవలన మరణించిరని ప్రభుత్వము లెక్కించినవారు 16,715. వారిలో నడుపువారు 8,384 కాగా తక్కిన 8,331 మంది కేవలము ప్రయాణికులు. ఆ యేటనే సెప్టెంబరు 4న ప్రసిద్ధ వ్యాపారి సైరస్ మిస్త్రీ కారు ప్రమాదమున మరణించెను. వెనుక సీటులో ఆయన బెల్టు పెట్టుకొనలేదని పోలీసులు తెలిపిరి. ధనమును, గొప్ప కారును ఆ పట్టీ చేయు పని చేయలేకపోయినవి.

బిడ్డల విషయమున చట్టమే యున్నది. 2019నాటి మోటారు వాహన చట్ట సవరణ ప్రకారము పదునాలుగేండ్లలోపు బిడ్డకు బెల్టో బిడ్డల సీటో లేకున్న వేయి రూపాయల జరిమానా. జరిమానాకన్న తల్లికి తెలియవలసినది వేరు. గంటకు 50 కిలోమీటర్ల వేగమున బండి దేనినైన ఢీకొనినచో, పది కిలోల పసివాడు ఆ క్షణమున నూరు కిలోలకు మించిన బరువువలె ముందుకు దూకును. ఏ తల్లి చేతులును అంత బరువును పట్టలేవు. పసివానికి తల్లియొడి అన్నిటికన్న పదిలమను మాట ఇంటిలో నిజము, బండిలో కాదు. బిడ్డల సీటును బిగించు ఐసోఫిక్స్ కొక్కెములు మన బండ్లలో ప్రాయికముగా రెండవ వరుస కొసలందే యుండును. ఐరోపావారి క్రొత్త నియమము ప్రకారము కనీసము పదునైదు నెలల వరకు బిడ్డ ముఖము వెనుకకు తిరిగి యుండవలెను. అట్టి సీటును ఎయిర్‌బ్యాగు గల ముందు సీటున ఎన్నడును పెట్టరాదు. నెల్లూరు సోదరి ముగ్గురు బిడ్డల తల్లి కానున్నది గావున, రెండవ వరుసలో ఎన్ని బిడ్డల సీట్లు ప్రక్కప్రక్కన పట్టునో కొలిచి చూచుకొనుట ఆమె మొదటి పని. ఆమెయే కూర్చుండునప్పుడు నడుము బెల్టు కడుపు క్రిందుగా, తుంటి యెముకలపై నుండవలెను. భుజపు బెల్టు రొమ్ముల నడుమగా, కడుపు ప్రక్కగా దిగవలెను. కడుపు మీదుగా బెల్టు వేయరాదు, మానివేయనురాదు.

ఎత్తు మాట యేమందురా? ఎత్తువలన మేలు లేకపోలేదు. గుంతలకును, గట్లు తెగిన పొలము దారికిని, అడుగు తగులు పెద్ద స్పీడుబ్రేకరులకును ఎత్తు బండి హాయి. దూరము కనబడును. మీ మామగారి పొలమునకు వారమునకు నాలుగుమార్లు పోవలసి యున్నచో ఎస్.యు.వి. కోరుట ఆడంబరము కాదు. కర్ణుని రథచక్రము నేల క్రుంగిన కథ విన్నవారము మనము. చక్రము దిగబడు చోట బ్రదుకువారికి ఎత్తు చక్రము అవసరమే.

కాని ఎత్తునకు వెల యున్నది. చిన్నపీటకన్న పొడుగు స్టూలు త్వరగా ఒరుగునట్లే, వెడల్పునకు మించి ఎత్తు పెరిగినకొలది బండి మలుపులలో బోల్తాపడు నవకాశము పెరుగును. అమెరికా రహదారి భద్రతాసంస్థ 2001 మొదలు ఈ గుణమునుబట్టి కూడ వేరుగ నక్షత్రము లిచ్చుచున్నది. జారుడులో బండిని తిన్నగా నిలుపు ఇ.ఎస్.సి. యను విద్యుద్యంత్రము ఈ యపాయమును చాల తగ్గించును గావున అది లేని ఎత్తు బండిని కొనరాదు. పైన క్యారియరు బిగించి మూటలు పేర్చినచో బరువు మరింత మీదికి పోవును. కుటుంబపు బండికిని ఇదియే సూత్రము. ఎత్తు బండి నీటిలో పోగలదను ధైర్యము మరింత ప్రమాదకరము. 2024 సెప్టెంబరు మొదట బుడమేరు పొంగి విజయవాడ పేటలు మునిగినప్పుడు బండ్లు నీటనుండుట మనము చూచితిమి. రెండడుగుల లోతున వేగముగ పారు నీరు పెద్ద బండ్లనుగూడ కొట్టుకొనిపోగలదు.

ఘాటురోడ్డుల సంగతియు తలచుకొనవలెను. తిరుమలకు 1944లో మొదటి ఘాటురోడ్డును, 1974లో రెండవదియు వచ్చినవి. మన కుటుంబపు బండికి నిజమైన పరీక్ష అచటనే. ఇద్దరెక్కిన షోరూము టెస్టు డ్రైవులో బండి గుఱ్ఱమువలె పరుగిడును. ఏడుగురును మూటలును ఎక్కి, ఎ.సి. వేసి, వంతెన ఎక్కించినప్పుడు దాని సత్తువ తెలియును. వేయి సి.సి. లోపు ఇంజను గల బండి ఊరికి చాలును, నిండు బరువుతో కొండకు బరువగును. నిండు బరువునకు చక్రములలో ఎంత గాలి యుండవలెనో నడుపువాని తలుపు చట్రముపై చీటీ అంటించి యుండును. ప్రయాణమునకు ముందు దానిని చదివి గాలి పట్టించుట మనమును జ్ఞాపకము చేయదగిన పని.

చివరకు రొక్కము. 2025 సెప్టెంబరు 22న మారిన జి.ఎస్.టి. ప్రకారము నాలుగు మీటర్లలోపు పొడవును 1200 సి.సి. లోపు పెట్రోలు ఇంజనును గల బండికి పన్ను 18 శాతము. వానిని దాటిన పెట్రోలు బండికి 40 శాతము. ట్రైబరు మొదటిదానిలోను, 1462 సి.సి. గల ఎర్టిగా రెండవదానిలోను పడును. ఇక అప్పు. పది లక్షలు తొమ్మిది శాతము వడ్డీకి తెచ్చితిమనుకొనుడు. ఐదేండ్లకైతే నెలకు సుమారు 20,760 రూపాయల కిస్తు. ఏడేండ్లకైతే సుమారు 16,090. నెలకు తక్కువ గదా యని రెండవది యెంచిన, మొత్తము మీద లక్షకు పైగా వడ్డీ యధికమగును. లీటరునకు పదునైదు కిలోమీటర్లు నడచు బండికిని పదునొకటి నడచు బండికిని, ఏటికి పండ్రెండువేల కిలోమీటర్లలో ఇంచుమించు 290 లీటర్ల భేదము. నూరు రూపాయలకు తక్కువ లేని పెట్రోలున అది ఒక బిడ్డ బడిజీతములో కొంత.

అందుచేత కొనుటకు ముందు మూడు నెలలు ఒక పుస్తకమున వ్రాసి చూడుడు: ఇంటినుండి ఐదుగురికి మించి ఎన్ని దినములు బయలుదేరితిమి? ఆ దినములు ఏటికి పది పండ్రెండుకు మించవని తేలినచో చిన్నకారు నుంచుకొని, ఆ పది దినములకు డ్రైవరుతో పెద్ద బండి అద్దెకు తెచ్చుకొనుట లాభము, గౌరవము కూడ. వారమునకు రెండుమూడు మార్లు ఏడుగురును కదలు నిల్లయినచో కొనుడు.

మా యింట లెక్క రెండవ విధముగా తేలినది. మా అత్తగారు చేయూత లేక ఎక్కగలిగినదియు, మూడవ వరుసలో మావారు అరగంట నోరు మెదపక కూర్చుండగలిగినదియు నగు కుటుంబపు బండినే తీసికొంటిమి. అప్పు ఐదేండ్లకే కుదుర్చుకొంటిమి. రాజసపు బండి కాదని మరది కొంచెము చిన్నబుచ్చుకొనెను. వచ్చిన తరువాత మేము చేసిన కట్టడి యొకటి మాత్రము చదువరులకు చెప్పదగినది. మూడవ వరుస ఎవరి సొత్తును కాదు. పోవునప్పు డొకరు, వచ్చునప్పు డొకరు. ఎనిమిదేండ్ల కొడుకునకు వంతు కలదు, మాకు కలదు, నడుపు పని లేనినాడు మావారికిని కలదు. మొదటి నెల పిల్లవాడు గోలపెట్టెను. ఇప్పుడు ఎక్కకముందే వంతు ఎవరిదని తానే యడుగుచున్నాడు.

నెల్లూరు సోదరికి మా మనవి యిది. ఎస్.యు.వి. యా, కుటుంబపు బండియా యను వాదులో మీరు పక్షము వహింపవలదు. ఇద్దరు పెద్దలను తోడ్కొని రెండు బండ్ల వద్దకును పొండు. మీ వారిని మూడవ వరుసలోను, మామగారిని రెండవ వరుసలోను కూర్చుండబెట్టి, బిడ్డల సీట్లు బిగింపించి, గతుకుల త్రోవలో అరగంట త్రిప్పింపుడు. కానుపునకు ముందే ఈ పని ముగించుట మంచిది. పసిబిడ్డతో షోరూములు తిరుగుట కష్టము. ఏది యెంచిరో, పెద్దపాప ఆ వెనుక సీటును గూర్చి ఏమనినదో మాకు వ్రాసిన, తక్కిన సోదరీమణులకును తెలుపుదుము.